అనుకున్న షాటు పాటలో ఇమడకపోతే

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో కాలేజీ మిత్రులు కలిసి పాట వీడియో తీసినప్పుడు, రాసుకున్న షాట్ల వరుస ఎడిటింగ్‌లో చెదరడం మామూలే. దానికి భయపడవద్దు. ప్రతి షాటుకూ ఒక పని ఉంటుంది: ఊరు చూపించడం, ఎడబాటు చెప్పడం, పొద్దు గడిచిందని తెలపడం. షాటును వదులుకోవచ్చు, ఆ పనిని మాత్రం వదులుకోకూడదు. మార్పులు మొదలుపెట్టే ముందు టైమ్‌లైన్‌కు, అంటే ఎడిటింగ్‌లో షాట్లను వరుసగా పేర్చిన పట్టీకి, ఒక నకలు తీసి పెట్టుకోండి.

సమస్య: రైలు షాటు రాగానే పాట చల్లబడుతోంది

పర్లాకిమిడి మీదుగా పోయే నౌపడ - గుణుపురం లైనులో రైళ్లు తక్కువ. పొలం గట్టు మీద ఎండలో కాచుకుని ఒక్క టేకులో పట్టిన షాటు మీద మమకారం పెరుగుతుంది. అందుకే ఇంజను నుంచి చివరి పెట్టె దాకా మొత్తం ఉంచేస్తారు. కారణం అక్కడే ఉంది. మీరు ఎంతసేపు కాచుకున్నారో చూసేవారికి తెలియదు. పాటలోని అబ్బాయి ఊరు విడిచి వెళ్తున్నాడన్న సంగతి మొదటి రెండు మూడు సెకన్లలోనే వారికి అందిపోయింది. తక్కినదంతా పాటకు బరువు.

పరిష్కారం: షాటును పూర్తిగా తీసేసి ఆ చరణం ఒకసారి చూడండి. కథ తెగలేదంటే అది అక్కరలేదు. మనసు ఒప్పుకోకపోయినా తీసేయండి. తెగితే రెండు ముక్కలు చేయండి: ముందు ఇంజను రావడం, నడుమ అమ్మాయి క్లోజప్, తరువాత చివరి పెట్టె దాటిపోవడం. రైలు చప్పుడును క్లోజప్ కింద కూడా కొనసాగిస్తే ముక్కలు అతుక్కుంటాయి. ఆ క్లోజప్ అదే రోజు తీసినది కానక్కరలేదు. ఆమె చూపు రైలు వెళ్లిన వైపు ఉంటే చాలు, ఆ రెంటినీ చూసేవారే కలుపుకుంటారు. పక్కపక్కన పెట్టిన రెండు షాట్ల నుంచి కొత్త అర్థం పుడుతుందని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ సుమారు వందేళ్ల కిందటే ప్రయోగం చేసి చూపించాడు.

సమస్య: సముద్రంలో సూర్యాస్తమయం కుదరలేదు

బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ తీరం తూర్పుముఖంగా ఉంటుంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, ఊరి వైపు దిగుతాడు. ఉదయం తీసిన క్లిప్పును వెనక్కి నడిపిస్తే సూర్యుడు దిగుతాడు గానీ, అలలు ఒడ్డు నుంచి సముద్రంలోకి పోతాయి, పక్షులు వెనక్కి ఎగురుతాయి.

పరిష్కారం: అలలు, పక్షులు లేకుండా సూర్యుడు, ఆకాశం మాత్రమే మిగిలేలా ఫ్రేమును కత్తిరించండి. 4కే నాణ్యతలో తీసి ఉంటే, వెడల్పూ ఎత్తూ అందులో సగం ఉండే 1080 టైమ్‌లైన్‌లో రెండింతల వరకు పెద్దది చేసినా స్పష్టత తగ్గదు. దీనికన్నా నాకు నచ్చే దారి మరొకటి ఉంది. గాయని సముద్రానికి వీపు పెట్టి నిలబడిన సాయంత్రపు షాటు ఉంటే అదే వాడండి. వాలు ఎండ ఆమె ముఖం మీద పడుతుంది. సాయంత్రమని చెప్పే పని ఆ వెలుగే చేస్తుంది.

సమస్య: పెదవులు మాటలతో కలవడం లేదు

స్లో మోషన్ షాటు అయితే కారణం తేలిక. సెకనుకు 50 ఫ్రేములతో (విడి బొమ్మలతో) తీసి 25లో నడిపితే పెదవులు సగం వేగంతో కదులుతాయి. షూటింగ్‌లోనే పాటను రెట్టింపు వేగంతో వినిపించి పాడించి ఉండాలి. అలా చేయకపోతే ఆ షాటును వాద్యాల బిట్టులోకి మార్చి, మాటలున్న చోట మామూలు వేగంతో తీసినది పెట్టండి.

మొదట కలిసి, పోనుపోను తప్పుతుంటే ఫోను ఫ్రేముల వేగం నిలకడగా లేదన్నమాట. క్లిప్పును ముందు స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకుని మళ్లీ అమర్చండి. సరిచూడడానికి ప, బ, మ అక్షరాలు వెతకండి. వాటి దగ్గర పెదవులు మూసుకుని తీరాలి.

సమస్య: నడిచే మనిషి ఉన్నట్టుండి వెనక్కి తిరిగినట్టుంది

ఒక షాటులో ఎడమ నుంచి కుడికి, తరువాతి దానిలో కుడి నుంచి ఎడమకు నడవడమే కారణం. నడుమ కెమెరాకు ఎదురుగా నడిచి వచ్చే షాటు పెడితే సర్దుకుంటుంది. అది లేకపోతే రెండో షాటును అద్దంలోలా తిప్పవచ్చు. అయితే బజారులో తీసినదైతే దుకాణాల బోర్డుల మీది ఒడియా, తెలుగు అక్షరాలు తిరగబడతాయి. చీర పైట, చొక్కా జేబు కూడా వైపు మారతాయి. ఇవేవీ కనిపించనంత దగ్గరగా కత్తిరించాకే తిప్పండి.