మారిషస్ ప్రయాణం: ఎక్కడ దిగవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి

మారిషస్‌లో దిగిన తెలుగువారికి పరాయి దేశానికి వచ్చామన్న జంకు అంతగా కలగదు. వాహనాలు ఎడమవైపునే నడుస్తాయి, దారి పక్కన గుళ్లు కనిపిస్తాయి, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి కోస్తా నుంచి ఓడలెక్కి వెళ్లిన వారిని, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా, ఆ ద్వీపంలో కొరింగీలని పిలిచారు. ఈ దగ్గరితనం మనసుకు హాయినిస్తుంది గానీ, జాగ్రత్తను కూడా కొంత సడలిస్తుంది. హింసాత్మక నేరాల భయం పర్యాటకులకు అక్కడ తక్కువే. ప్రాణాల మీదికి తెచ్చేవి ఎక్కువగా సముద్రం, వాన, రోడ్డు. ఈ మూడింటి దగ్గర ఎక్కడ ఆగాలో ముందుగా తెలుసుకుని వెళ్లడం మంచిది.

అన్నిటికంటే ముందు సముద్రం సంగతి. ద్వీపం చుట్టూ చాలా మేరకు పగడపు దిబ్బ ప్రహరీగోడలా నిలిచి ఉంటుంది. పెద్ద అలలు ఆ దిబ్బకే తగిలి విరిగిపోతాయి కాబట్టి, దానికీ ఒడ్డుకీ మధ్యనున్న లగూన్ చెరువులా నిలకడగా కనిపిస్తుంది. విశాఖ తీరంలో అలల ఊపు చూసి వెనక్కి తగ్గే అలవాటున్న మనకు ఈ నిశ్శబ్దమే మోసం చేస్తుంది. దిబ్బ మీదుగా లోపలికి చేరిన నీరంతా తిరిగి బయటికి పోవడానికి అక్కడక్కడా ఉన్న సందుల్నే దారిగా చేసుకుంటుంది. ఆ సందుల దగ్గర, ముఖ్యంగా పోటు తీసే వేళ, ప్రవాహం మంచి ఈతగాడినైనా బయటి సముద్రంలోకి లాగేయగలదు. తెల్లటి నురుగు గీత మధ్యలో ముదురు నీలం నీరు తెగకుండా కనిపిస్తే అది సందు అని గుర్తుపట్టి, దానికి దూరంగా ఉండాలి. ద్వీపం నైరుతి కొనలోని ల మోర్న్ దగ్గర గాలిలోంచి తీసిన ఫోటోల్లో సముద్రం లోపల జలపాతం పడుతున్నట్టు కనిపించే దృశ్యం కూడా ఇటువంటి ప్రవాహాలు ఇసుకను అడుగుకు జార్చడం వల్ల ఏర్పడిన భ్రమే. పైనుంచి చూసి ఆనందించవలసిన చోటు అది, ఈత కొట్టవలసిన చోటు కాదు.

దక్షిణ తీరంలో కొంత భాగానికి ఈ ప్రహరీ లేదు. సుయాక్ దగ్గరి గ్రీ గ్రీ తీరంలో దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చే అలలు నేరుగా రాళ్లను కొడతాయి. అక్కడ నీళ్లలోకి దిగకూడదు. ఫోటో కోసం తడిగా ఉన్న రాయి మీదికి కూడా వెళ్లకూడదు, ఎందుకంటే రాయి తడిగా ఉందంటే అంతకుముందు అల అక్కడిదాకా వచ్చిందన్నమాట. పడమటి తీరంలో జాగ్రత్త మరొక రకంగా ఉండాలి. సంవత్సరంలో ఎక్కువ కాలం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది కాబట్టి, ఫ్లిక్ ఎన్ ఫ్లాక్ వంటి చోట్ల అది ఒడ్డు నుంచి సముద్రం వైపు తోస్తుంది. నీరు ఎంత ప్రశాంతంగా కనిపించినా, గాలి నింపిన పరుపుల మీద, బొమ్మ పడవల మీద పిల్లలను వదలడం అందుకే ప్రమాదకరం. రక్షకులు కొన్ని ప్రజా తీరాల్లో మాత్రమే, పగటిపూట మాత్రమే ఉంటారు.

కాళ్లకు రబ్బరు అడుగున్న నీటి బూట్లు తప్పనిసరిగా వేసుకోవాలి. స్టోన్‌ఫిష్ అనే చేప, స్థానికులు లాఫ్ అంటారు, అచ్చం పాచి పట్టిన రాయిలా అడుగున కదలకుండా పడి ఉంటుంది. దాని వీపు ముళ్ల మీద కాలు పడితే విషం ఎక్కి భరించలేని నొప్పి పుడుతుంది. అటువంటప్పుడు కాలిని వేడి నీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల లోపు, చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడిలో ఉంచి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. నీరు ఎంత వేడిగా ఉందో నొప్పితో ఉన్నవారికి తెలియదు కాబట్టి ముందుగా మరొకరు చేయిపెట్టి చూడాలి. నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకుండా ఇసుకను రాసుకుంటూ జరగడం మేలు. పగడాలను తొక్కకూడదు, పగడాలను, గవ్వలను ఏరి ఇంటికి తెచ్చుకోవడం చట్టరీత్యా కూడా నేరమే.

పడవ విహారాలకు లైసెన్సు ఉన్న నిర్వాహకులనే ఎంచుకోవాలి. తీరంలో ఎదురొచ్చి తక్కువ ధర చెప్పేవారిని, పడవ ఎక్కకముందే రెండు ప్రశ్నలు అడగాలి: లైసెన్సు చూపిస్తారా, పిల్లలతో సహా అందరి కొలతలకూ సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? జవాబు నీళ్లు నమిలినట్టుగా వస్తే ఆ బేరం వదిలేయడమే మంచిది.

తుఫానుల కాలం నవంబరు నుంచి మే మధ్య వరకు ఉంటుంది; జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రమాదం ఎక్కువ. చలువగా, పొడిగా ఉండే మే నుంచి అక్టోబరు వరకు గల కాలం పెద్దవారితో, పసిపిల్లలతో వెళ్లేవారికి అనుకూలం. అక్కడి హెచ్చరికలు నాలుగు తరగతులుగా ఉంటాయి, వాటి అర్థం ముందే తెలుసుకోవాలి. మొదటి తరగతి 36 నుంచి 48 గంటల ముందు వస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచే ముందు 12 గంటల పగటి సమయం దొరికేలా రెండోది, 6 గంటల పగటి సమయం దొరికేలా మూడోది ప్రకటిస్తారు. నాలుగోది వచ్చిందంటే ఆ గాలులు అప్పటికే వీస్తున్నాయని అర్థం. రెండో తరగతి నాటికే తాగునీరు, టార్చి, మందులు, నగదు సిద్ధం చేసుకుని, ఫోను నిండా ఛార్జింగు పెట్టుకోవాలి. మూడో తరగతి తరువాత బయట ఉండకూడదు. హోరు ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను దాటిందనుకుని బయటికి రావడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అది తుఫాను కన్ను కావచ్చు, కొద్దిసేపట్లోనే గాలి ఎదురు దిశ నుంచి విరుచుకుపడుతుంది.

తుఫాను లేకపోయినా వాన ప్రాణాలు తీయగలదు. 2013 మార్చి 30న రాజధాని పోర్ట్ లూయీలో కురిసిన కుండపోతకు 11 మంది చనిపోయారు. వారిలో పలువురు పాదచారుల సొరంగంలోనూ, భూగర్భ పార్కింగులోనూ చిక్కుకున్నవారే. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడూ ఆ నగరంలో కార్లు నీటిలో కొట్టుకుపోయాయి. కొండల పాదాన ఉన్న నగరం కావడంతో పైనుంచి నీరు నిమిషాల్లో దిగుతుంది. కాబట్టి వాన పెరుగుతుంటే భూగర్భ మార్గాలను వదిలి పై అంతస్తుకు చేరాలి. కారు కోసం కిందికి దిగకూడదు. టామరిన్ జలపాతాల వంటి లోయల్లోకి వాన సూచన ఉన్న రోజు అసలు వెళ్లవద్దు. 556 మీటర్ల ల మోర్న్ కొండ చివరి భాగం చేతులతో పట్టుకుని ఎక్కవలసిన నిటారు రాయి. తెల్లవారుజామున బయలుదేరి, తడిగా ఉంటే సగంలోనే తిరిగి రావాలి.

కారు నడపడం మనకు సులువే అనిపించినా, చెరకు తోటల మధ్య దారులు ఇరుకు. చెరకు ఏపుగా పెరిగిన కాలంలో మలుపు అవతల ఏముందో కనిపించదు. మహాశివరాత్రి ముందు రోజుల్లో వేలాది భక్తులు కావళ్లతో పవిత్ర సరస్సు గంగా తలావ్‌కు రాత్రింబవళ్లు నడుస్తారు. ఆ దారుల్లో రాత్రి వాహనం తీయకపోవడం మంచిది. ఆపిన కారులో సంచులు కనిపించేలా వదలవద్దు. సాయంత్రం దాటాక బస్సులు తగ్గిపోతాయి, కాబట్టి తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి.

భారతీయ పర్యాటకులకు ముందస్తు వీసా అక్కరలేదు గానీ, తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు ఆధారం చూపవలసి ఉంటుంది. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్ ఫారం కూడా నింపాలి. అక్కడి రూపాయి వేరు, మనది చెల్లదు. ప్లగ్గులు ఎక్కువగా బ్రిటన్ తరహావి, అడాప్టరు పట్టుకెళ్లాలి. తాజా కరివేపాకు, పండ్లు, విత్తనాల వంటివి అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మందులు వాడేవారు డాక్టరు చీటీతో, అసలు ప్యాకెట్లలోనే ఉంచుకోవాలి. మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినం. సిగరెట్ చుట్టుకునే ఖాళీ కాగితాలు సంచిలో ఉన్నా నేరమే. డెంగీ, చికున్‌గున్యా ఆ ద్వీపంలో అప్పుడప్పుడు ప్రబలుతుంటాయి కాబట్టి పగటిపూట కూడా దోమల మందు రాసుకోవాలి.

పోలీసులకు 999, అంబులెన్సుకు 114. ఈ రెండు అంకెలను ఫోనులోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి, బస చేసే చోటు పేరుతో పాటు, ప్రయాణంలో ఉన్న ప్రతి ఒక్కరి జేబులోనూ పెట్టండి. తుఫాను రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ కాగితమే చేతికి అందుతుంది.