పరీక్షలో నెగ్గిన మోడల్ పనిలో ఎందుకు తప్పుతుంది?

నానక్‌రాంగూడలో లోన్ మోడళ్లను, అంటే అప్పు తీసుకునేవాళ్లు తిరిగి కడతారో లేదో అంచనా వేసే ప్రోగ్రాంలను, సరిచూడటం నా పని. లెక్క తప్పితే బేగంబజార్‌లో ఒక చిన్న దుకాణదారుకు అప్పు పుట్టదు. అందుకే మోడల్‌ని మార్చే ముందు డేటా ఎక్కడిదో చూడమంటాను.

సమస్య: ఏయూసీ (కట్టేవాళ్లని, ఎగ్గొట్టేవాళ్లని మోడల్ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే కొలత, గరిష్ఠం 1) 0.95 దాటింది.
కారణం: సంబరపడకండి. లోన్ ఇచ్చాక పుట్టిన వివరం, వసూలు కోసం ఎన్నిసార్లు ఫోన్ చేశారన్నది లాంటిది, ఇన్‌పుట్‌లో దూరి ఉండొచ్చు.
పరిష్కారం: మంజూరు రోజుకి చేతిలో లేని కాలమ్‌లన్నీ తీసేయండి. టెస్ట్ డేటాను తేదీల వారీగా విడగొట్టండి.

సమస్య: రంగారెడ్డి దరఖాస్తుల స్కోర్లు పొంతన లేకుండా వస్తున్నాయి.
కారణం: 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత రికార్డుల్లో రంగారెడ్డి అంటే వికారాబాద్, మేడ్చల్ కూడా. పేరు అదే, నేల వేరు. పీఎస్‌ఐ (పాత డేటాకీ కొత్త డేటాకీ ఎంత తేడా వచ్చిందో చెప్పే కొలత) 0.25 దాటితే ఏదో మారిందని తెలుస్తుంది, ఏం మారిందో అది చెప్పదు.
పరిష్కారం: పాత రికార్డులను పిన్‌కోడ్ పట్టుకుని కొత్త జిల్లాల్లోకి సర్దండి. అయితే పిన్‌కోడ్‌నే మోడల్‌కి ఇస్తే ఇంకో ప్రమాదం: పాతబస్తీలో ఉంటున్నందుకే మనిషి తిరస్కరణకు గురికావచ్చు. ఆదాయం, చెల్లింపుల చరిత్ర ఒకేలా ఉన్నవాళ్లకు ప్రాంతాన్ని బట్టి ఫలితం మారుతోందా అని విడిగా లెక్కవేయండి. ఈ పరీక్ష నేను ఎప్పుడూ వదలను.

సమస్య: 2020 ఖాతాలన్నీ మంచివే అంటోంది మోడల్.
కారణం: ఆ మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రిజర్వు బ్యాంకు మారటోరియానికి, అంటే వాయిదాలు కట్టడం తాత్కాలికంగా ఆపడానికి, వీలిచ్చింది. అది తీసుకున్నవాళ్లకు బకాయి రోజులు లెక్కకు రాలేదు, కాబట్టి కట్టనివాళ్లూ డేటాలో మంచివాళ్లలాగే కనిపిస్తారు.
పరిష్కారం: ఆ నెలలను పక్కన పెట్టండి.

సమస్య: చాట్‌బాట్ లేని ఛార్జీని ఉన్నట్టు చెబుతోంది.
కారణం: "లోన్ ముందుగాల్నే కట్టేస్తే ఎన్ని పైసలు కట్ అయితయ్?" అని కస్టమర్ అడిగాడు. నిబంధనల పత్రం ఇంగ్లిషులో ఉంది, సరైన పేజీ దొరకలేదు. బాట్ వెనకుండి జవాబులు రాసే భాషా మోడల్ చాలాసార్లు ఖాళీ వదలదు, నమ్మేలా ఉండే అంకె ఒకటి పెట్టేస్తుంది.
పరిష్కారం: ముందు లాగ్ (బాట్ చేసిన పనుల రికార్డు) తెరిచి బాట్‌కి ఏ పేజీ అందిందో చూడండి. పేజీ తప్పయితే బాట్ పేజీలు వెతికే తీరును బాగుచేయాలి. పేజీ సరైనదే అయి జవాబు తప్పయితే మోడల్‌ని, దానికిచ్చిన ఆదేశాలని చూడాలి. పేజీ దొరకనప్పుడు బాట్ అంకె చెప్పకుండా బ్రాంచికి పంపాలి. జనం మాట్లాడే తీరులోనే ప్రశ్నలు రాయించి, ఒక్కోదాన్ని పదిసార్లు అడగండి. అమెరికా ఫెడరల్ రిజర్వు 2011 నాటి ఎస్ఆర్ 11-7లో (బ్యాంకుల మోడళ్ల ముప్పుపై ఇచ్చిన మార్గదర్శకాలు) కోరినట్టు, ఈ పరీక్ష మోడల్ కట్టినవాళ్లు కాక వేరేవాళ్లు చేయాలి. వెర్షన్ మారిన ప్రతిసారీ మళ్లీ మొదటి ప్రశ్న నుంచి.