టైల్స్ వేయించే ముందు స్నానాలగదిలో పాత వినైల్ షీటు తీయడం
విజయవాడ, గుంటూరుల్లోని పాత ఇళ్ల స్నానాలగదుల్లో గచ్చుకు జిగురుతో అంటించిన వినైల్ షీటు మీదనే టైల్స్ వేసేద్దామని మేస్త్రి అంటే దయచేసి ఒప్పుకోకండి. అడుగున జిగురు పట్టు వదిలిన నాడు పైనున్న టైలు కూడా దానితోపాటే లేచివస్తుంది. షీటును జానెడు వెడల్పు పట్టీలుగా కోసి, హాట్ ఎయిర్ గన్‌తో అంచు మెత్తబడేదాకా వేడిచేసి, వెడల్పాటి పుట్టీ బ్లేడును దాదాపు పడుకోబెట్టి కిందికి తోస్తూ లాగితే, గచ్చు పెచ్చులూడకుండా వస్తుంది. మిగిలిన జిగురును వేడినీటితో నానబెట్టి గీకించండి. పొడిగా గ్రైండరు మాత్రం పట్టించవద్దు. పాతకాలపు షీట్లలోనూ, నల్లటి జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు ఎంతో ప్రమాదకరం కనుక అటువంటి అనుమానం ఉన్నప్పుడు ల్యాబ్‌లో పరీక్ష చేయించిన తరువాతే పని మొదలుపెట్టించండి. గచ్చు తేలాక సుత్తి పిడితో తట్టి చూసి, డొల్లగా మోగిన చోటల్లా తవ్వించి, కొత్త సిమెంటుతో పూడ్పించి, నీరు ట్రాప్ (నేలలో నీరు బయటికి పోయే రంధ్రం) వైపు వాలుతోందో లేదో వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే చూసుకోండి.