ట్యాగు మీద చివరి ఊరు ఉందని ధీమాగా ఉండకండి

మే నుంచి ఆగస్టు దాకా షంషాబాద్‌లో ఏ రాత్రి చూసినా ఇదే సీను. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు, మనవల్ని చూడ్డానికి బయల్దేరిన అమ్మానాన్నలు, 23 కిలోలు దాటిందంటే నేల మీదే సూట్‌కేసు తెరిచి పచ్చళ్ల ప్యాకెట్లు ఇందులోంచి అందులోకి మార్చేవాళ్లు. ఆ హడావుడిలో కౌంటర్లో "త్రూ చెకిన్ అయిపోయిందండీ" (అంటే బ్యాగు చివరి ఊరి దాకా బుక్ అయిపోయిందని) అనగానే హమ్మయ్య అనుకుని వచ్చేస్తాం. అక్కడే ఆగి ఒక్క మాట అడగండి: "ఈ బ్యాగులు మళ్లీ నేను ఎక్కడ తీసుకోవాలి?"

షంషాబాద్, దుబాయ్, షికాగో, కొలంబస్, అంతా ఒకే టికెట్ అనుకోండి. దుబాయ్‌లో మీ బ్యాగు కోసం వెతకనక్కర్లేదు. విమానంలోంచి దింపి లోపలి బెల్టుల మీద వేస్తారు, మెషిన్లు బార్‌కోడ్ చదివి దారి మళ్లిస్తాయి, తర్వాతి విమానానికి ఇంకా టైముంటే పక్కన నిలవ ఉంచి తర్వాత ఎక్కిస్తారు. తిరకాసంతా షికాగోలోనే. ట్యాగు మీద కొలంబస్ అనే ఉన్నా, అమెరికాలో మొదట దిగిన చోటే కస్టమ్స్ కాబట్టి ఇమిగ్రేషన్ అయ్యాక బ్యాగులు మీరే బెల్టు మీంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, రీచెక్ దగ్గర మళ్లీ అప్పగించాలి. ఆ తర్వాత మీకు ఇంకోసారి సెక్యూరిటీ. దుబాయ్‌లో కొన్న సెంటు సీసా 100 మిల్లీలీటర్లు దాటితే రీచెక్‌కి ముందే పెద్ద బ్యాగులో పెట్టేయండి, లేదంటే అక్కడ వదులుకోవాల్సి రావచ్చు. ఈ మొత్తానికి గంటన్నర చాలదు, నన్నడిగితే మూడు గంటల కన్నా తక్కువ గ్యాపున్న టికెట్ పెద్దవాళ్లకి కొననే కొనొద్దు. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా తనిఖీలు అక్కడే అయిపోతాయి, మామూలుగా ఈ బాధ ఉండదు.

మా అత్తయ్యకి ఇవన్నీ ఫోన్లో చెప్పాను గానీ, ట్యాగు మీద చివరి ఊరే ఉంది కదా అని ఆవిడ బెల్టు దాటి నేరుగా వచ్చేశారు. బ్యాగు మూడో రోజు ఇంటికొచ్చింది. షుగర్ మాత్రలు అందులోనే ఉన్నాయి, ఆ మూడు రోజులు మా టెన్షన్ చెప్పక్కర్లేదు. మందులు, ప్రిస్క్రిప్షన్, బంగారం, సర్టిఫికెట్లు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి. పవర్ బ్యాంకు కూడా అంతే, పెద్ద బ్యాగులో పెట్టనివ్వరు. గేటు దగ్గర చివరి నిమిషంలో మీ చిన్న సూట్‌కేసు కూడా కిందకి పంపిస్తామంటే ముందు పవర్ బ్యాంకు, మందులు బయటికి తీయండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీలోనో ముంబయిలోనో దిగి హైదరాబాద్, విజయవాడ విమానం ఎక్కేవాళ్లకీ ఇదే వరస, సాధారణంగా మొదట దిగిన చోటే బ్యాగు తీసుకుని కస్టమ్స్ చేయించుకోవాలి.

రెండు వేరువేరు టికెట్లు చవగ్గా దొరికాయని కొంటే మాత్రం బ్యాగు తనంతట తాను రెండో విమానంలోకి వెళ్తుందని ఆశపడొద్దు. చాలాసార్లు మధ్య దేశంలో మీరే బయటికొచ్చి తీసుకోవాలి, దానికి వీసా కావాలేమో చూసుకోండి.

మీరు గేటు దగ్గరికి రాకపోతే మీ బ్యాగునీ దింపేస్తారు. 1985లో ఎయిరిండియా వారి కనిష్క విమానాన్ని పేల్చిన బాంబు, మనిషి ఎక్కకుండా ఎక్కిన సూట్‌కేసులోనే ఉంది. అందుకే ఎక్కని ప్రయాణికుడి సామాను విషయంలో అంత పట్టుదల.

పాత ట్యాగులు, స్టిక్కర్లు పీకేయండి, మెషిన్ పాత బార్‌కోడ్ చదివితే బ్యాగు ఎటు పోతుందో చెప్పలేం. లోపల పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి, బ్యాగుకి ఒక ఫోటో తీయండి. కౌంటర్లో ఇచ్చే పది అంకెల రసీదు స్టిక్కర్ ఉత్త కాగితం అనుకుని పారేయొద్దు.

బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పాడైతే 7 రోజుల్లో, ఆలస్యమైతే చేతికి అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. ఈలోపు కొన్న బట్టలు, సబ్బు, బ్రష్ బిల్లులు దాచండి. అవి లేకుండా అడిగితే పైసా రాబట్టడం కష్టం.