మే నెల డాబా మీద సినిమా, చల్లటి బీరు: మా గోదారి వైపు పద్ధతి

మే నెలలో డాబా మీద నలుగురు కూర్చుని సినిమా చూడాలంటే చిన్న సినిమా, మైల్డు బీరు పెట్టుకోండి. ఇది నా గట్టి అభిప్రాయం. దీని మీద మా కోనసీమలో ప్రతి ఎండాకాలం వాదన జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఎవర్ని కదిపినా బీరంటే స్ట్రాంగే, సినిమా అంటే పెద్ద హీరోది, కత్తులూ నెత్తురూ ఉన్నది. ఏసీ హాల్లో ఆ సినిమా బాగానే ఉంటుంది, కాదనను. ఉక్కపోతలో, ఆరుబయట మాత్రం రెండూ పనిచెయ్యవు. ఎందుకో, ఏర్పాటు ఎలా చేసుకోవాలో వివరంగా రాస్తున్నా. ఇదంతా 21 ఏళ్ళు దాటినవాళ్ళకే, మన రాష్ట్రంలో చట్టం అదే.

ముందు డాబా సంగతి చూడండి. పగలంతా కాగిన స్లాబు రాత్రి తొమ్మిదింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, దాని మీద చాప పరిస్తే కింద నుంచి పెనం మీద కూర్చున్నట్టే. సాయంత్రం ఐదింటికల్లా నీళ్ళు కొట్టాలి. మొదటి బిందె పొయ్యగానే సుయ్యిమని ఆవిరి లేస్తుంది, సిమెంటు ఆ నీళ్ళు పీల్చేసి కాసేపట్లో మళ్ళీ తెల్లబడిపోతుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. రెండోసారి పొయ్యండి, అప్పుడు పీల్చడం తగ్గి తడి నిలబడుతుంది, అసలు చల్లదనం ఆ రెండో తడిదే. ఏడింటికి పోస్తే మాత్రం ఆ ఆవిరంతా మనుషులకే తగిలి ఉక్క ఇంకా పెరుగుతుంది. కాలవలు కట్టేసిన రోజులు కాబట్టి నీళ్ళకి ఇబ్బంది ఉన్న ఊళ్ళో అయితే బట్టలు ఝాడించిన నీళ్ళు దాచి వాడుకోండి, మంచినీళ్ళు పారబొయ్యక్కర్లేదు.

తెరకి దుప్పటి కట్టొద్దు. సాయంత్రం పైరగాలి మొదలయ్యాక దుప్పటి ఊగుతూనే ఉంటుంది, హీరోయిన్ మొహం సాగుతూ ముడుచుకుంటూ కనిపిస్తుంది. మెట్ల గది గోడకి తెల్ల సున్నం వేసుంటే అంతకన్నా మంచి తెర లేదు. ప్రొజెక్టరు కొనక్కర్లేదు, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళని అడిగితే అద్దెకి దొరుకుతుంది. ఏడుంపావుకి ముందు మొదలుపెట్టకండి, ఆకాశంలో వెలుగు ఉన్నంతసేపు బొమ్మ పాలిపోయి ఉంటుంది. ఇంకో మాట, ఫోన్లో ఓటీటీ యాప్ పెట్టి దాన్ని ప్రొజెక్టరుకి మిర్రర్ చేస్తే చాలాసార్లు సౌండు వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. అది కాపీ కాకుండా ఆ యాప్‌లు పెట్టుకున్న తాళం, మీ కేబుల్ తప్పు కాదు. అందరూ వచ్చి కూర్చున్నాక అది చూసుకుంటే టెన్షన్, అందుకని మధ్యాహ్నమే లాప్‌టాప్ కలిపి ఐదు నిమిషాలు ఆడించి చూడండి. స్పీకరు మీ గోడ వైపు తిప్పండి, పక్క డాబా మీద పెద్దవాళ్ళు పడుకుని ఉంటారు. తెర దగ్గర లైటుకి పురుగులు ముసురుతాయి కాబట్టి తినేవి తెరకి దూరంగా, మూత పెట్టి ఉంచండి.

ఇక ఏ సినిమా. ఆరుబయట సౌండు చెదిరిపోతుంది, గోడలుండవు కదా. బాంబులు, బీజీఎమ్ మీద నిలబడే సినిమా ఇక్కడ తేలిపోతుంది, మాట మీద నిలబడే సినిమా నిలబడుతుంది. అందుకే నా మొదటి ఓటు 2024 ఆగస్టులో వచ్చిన 'కమిటీ కుర్రోళ్ళు'కి. దర్శకుడు యదు వంశీకి అది మొదటి సినిమా, కుర్రాళ్ళలో చాలామంది కొత్తవాళ్ళు, కథ మన గోదారి పల్లెటూరిదే, పన్నెండేళ్ళకోసారి వచ్చే జాతర చుట్టూ తిరుగుతుంది. చిన్నప్పటి భాగం అంత సహజంగా ఈ మధ్య ఎవరూ తియ్యలేదని నేను గట్టిగా అంటాను. కులం మాట మధ్యలోకొచ్చి స్నేహితులు విడిపోయే చోట మా డాబా మీద ఎవ్వరూ మాట్లాడలేదు, మనలో చాలామందికి అలాంటి స్నేహితుడు ఒకడు ఉంటాడు. రెండో సగంలో ఎన్నికల గోల కొంచెం సాగింది, అక్కడ లేచి ఐసు చూసుకోవచ్చు.

అదే నెల 15న వచ్చిన 'ఆయ్' కూడా అమలాపురం వైపు కథే. కథలో కొత్తదనం పెద్దగా లేదు, నార్నే నితిన్ కంటే పక్కన స్నేహితులుగా చేసిన రాజ్‌కుమార్ కసిరెడ్డి, అంకిత్ కొయ్యలే సినిమాని మోసేశారు. కానీ యాస సరిగ్గా పలికారు, మన పచ్చదనం సరిగ్గా చూపించారు, కొత్తగా చూసేవాళ్ళు తోడుంటే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. 'గ్యాంగ్స్ ఆఫ్ గోదావరి' పేరు చూసి చాలామంది అడుగుతారు. విశ్వక్ సేన్ కష్టపడ్డాడు, కాదనలేం, కానీ గోదారి పేరు పెట్టుకుని గోదారి మనుషుల నెమ్మదితనం, వెటకారం, మర్యాద ఏవీ లేకుండా నరుక్కోవడమే చూపించడం నాకు నచ్చలేదు. డాబా మీదకి అది వద్దు.

ఇంట్లో అత్తయ్యలూ మావయ్యలూ పిల్లలూ కూడా పైకొచ్చే రోజైతే 2025 సంక్రాంతికి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' పెట్టండి. రాజమండ్రి వైపు కాపురం పెట్టిన మాజీ పోలీసుగా వెంకటేష్, భార్య భాగ్యంగా ఐశ్వర్యా రాజేష్. భాగ్యం అసూయపడే సీన్లన్నీ నాకు ఇష్టం, ఆ అమ్మాయి టైమింగు వెంకటేష్‌కి ఎక్కడా తగ్గలేదు. వాళ్ళ కొడుకు బుల్లిరాజు బూతులకి పిల్లలు నవ్వుతారు, మర్నాడు వల్లె వేస్తారు, అది మీరే చూసుకోవాలి. ఆ రోజు బీరు సీసాలు పిల్లల మధ్యకి తేకండి, పెద్దవాళ్ళ ముందు తాగని ఇళ్ళే మన దగ్గర ఎక్కువ, ఆ మర్యాద ఉంచుకోవడం మంచిదే. చల్లటి మజ్జిగతో కానిచ్చెయ్యండి.

'లక్కీ భాస్కర్' చూడాలనుకుంటే ఒక్క సీసాతో సరిపెట్టుకోండి. దుల్కర్ సల్మాన్ బొంబాయి బ్యాంకు క్యాషియరుగా చేసిన ఆ కథలో డబ్బు ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో లెక్క తప్పితే తర్వాత మజా ఉండదు. రెండో సీసాలో ఉన్నవాడు పక్కవాణ్ణి "ఇందాక ఆ డబ్బు ఎవరిదిరా?" అని అడుగుతూనే ఉంటాడు. 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' అయితే అసలు మందు లేని రోజు చూడాల్సిన సినిమా. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టే పోక్సో చట్టం కింద ఇరికించిన ఒక కుర్రాడి కేసు అది, లాయరుగా ప్రియదర్శి, మంగపతిగా శివాజీ ఇద్దరూ బాగా చేశారు, శివాజీ మాట్లాడుతుంటే ఒళ్ళు మండుతుంది. అలాంటి విషయాన్ని గ్లాసు పట్టుకుని చూడటం నాకు తప్పనిపిస్తుంది, చూశాక గంట సేపు మాట్లాడుకోవాలనిపిస్తుంది, ఆ మాటలు తేటగా ఉండాలి.

బీరు దగ్గరికొద్దాం. 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వ షాపుల్లో ఏది పెడితే అదే తాగాల్సొచ్చింది, పేరు కూడా వినని బ్రాండ్లు. 2024 అక్టోబరు 16న మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాక తెలిసిన పేర్లు కనిపిస్తున్నాయి, కాబట్టి ఎంచుకునే అవకాశం ఉంది, ఎంచుకోండి. లేబుల్ మీద ఆల్కహాలు శాతం చదవండి. మన దేశంలో 5 శాతం లోపుంటే మైల్డు, దాటితే స్ట్రాంగు, 8 దాకా ఉంటుంది. లెక్క వేసి చూడండి: 8 శాతం ఉన్న 650 మిల్లీ సీసాలో 52 మిల్లీల ఆల్కహాలు ఉంటుంది, అంటే 60 మిల్లీ విస్కీ పెగ్గులు రెండు వేసుకున్నట్టు. "బీరే కదా బావా" అని మూడు స్ట్రాంగులు లాగించినవాడు ఆరు లార్జులు తాగినవాడితో సమానం, సినిమా ఇంటర్వెల్‌కే నిద్రపోతాడు, పొద్దున తలనొప్పితో లేస్తాడు. దానికితోడు మందు ఒంట్లో నీళ్ళు బయటికి తోసేస్తుంది. చెమటకి పగలంతా నీళ్ళు పోయిన ఒంటికి స్ట్రాంగు బీరు వెయ్యడం అన్యాయం. పొద్దున్నుంచి రొయ్యల చెరువు మీదో కళ్ళంలోనో ఉండి వచ్చినవాళ్ళకి ముందు నీళ్ళివ్వండి, ఏదైనా తినిపించండి, ఆ తర్వాతే సీసా.

మైల్డులో నా అభిప్రాయాలు ఇవీ. కింగ్‌ఫిషర్ ప్రీమియం బాగా చల్లగా ఉన్నంతసేపే బీరు, వెచ్చబడిందా తియ్యగా, చప్పగా అయిపోతుంది, అందుకని దాన్ని పెద్ద గ్లాసులో పోసుకుని పెట్టుకోకూడదు, కొంచెం కొంచెం పోసుకోవాలి. బడ్‌వైజర్ తయారీలో బార్లీతో పాటు బియ్యం కూడా వాడతారు, అందుకే నోటికి తేలిగ్గా ఉంటుంది, రొయ్యల వేపుడు పక్కన నాకు అదే ఇష్టం. దాని అన్న బడ్‌వైజర్ మాగ్నమ్ వేరు, అది స్ట్రాంగు, పేరు చూసి పొరబడొద్దు. ట్యూబర్గ్‌లోనూ రెండు రకాలున్నాయి, మీరు అడక్కపోతే షాపువాడు స్ట్రాంగే చేతిలో పెడతాడు. హోగార్డెన్ దొరికితే ఒక్కసారి తీసుకోండి, గోధుమ బీరు, అందులో ధనియాలు, నారింజ తొక్క పడతాయి, చేదు దాదాపు ఉండదు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ముక్కలు ఉప్పు కారం అద్ది పక్కన పెట్టుకుని తాగితే రోహిణీ కార్తెలో దానికి మించింది లేదు నా మట్టుకు. ధర ఎక్కువే, రోజూ తాగేది కాదు.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, తాజాది ఎప్పుడూ మేలు. సీసా మూతి కూడా తడిమి చూడండి, మన దగ్గర పాత సీసాలే కడిగి మళ్ళీ నింపుతారు, అంచు పెచ్చు లేచి ఉంటే వెనక్కిచ్చెయ్యండి. షాపు బయట ఎండలో పెట్టిన కేసు తీసుకోవద్దు. బీరులో చేదునిచ్చే హాప్స్‌కి ఎండ తగిలితే కంపు పుడుతుంది, గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది, ఆకుపచ్చ సీసా అంతగా కాపాడదు. స్కూటర్ ముందు సంచిలో తెచ్చేటప్పుడు గోనెపట్టా కప్పండి.

చల్లబెట్టడం మీద నేను అందరితో పోట్లాడతాను. ఫ్రీజరులో పెట్టి మర్చిపోతే సీసా పగులుతుంది, కరెంటు పోతే ఆ ఫ్రీజరూ లేదు. మన దగ్గర రొయ్యల పుణ్యమా అని ఐసు ఫ్యాక్టరీలకి కొదవ లేదు, సగం దిమ్మ తెచ్చి గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టండి. పెద్ద టబ్బులో సీసాలు నిలబెట్టి, ఐసు వేసి, మెడ దాకా నీళ్ళు పొయ్యండి. నీళ్ళు పోస్తేనే చలి సీసా చుట్టూ తగులుతుంది, ఉత్త ఐసు ముక్కలు అక్కడక్కడే తగులుతాయి. నాలుగు గుప్పెళ్ళు కళ్ళుప్పు వేసి కలపండి. ఉప్పు పడ్డ ఐసు నీళ్ళు సున్నా కంటే కిందికి దిగుతాయి, ఇరవై నిమిషాల్లో సీసా మీద చేయి నిలవదు. అంతకన్నా ఎక్కువసేపు ఉప్పునీళ్ళలో వదిలేస్తే లోపల గడ్డ కడుతుంది, తీసి ఉప్పులేని ఐసు ఉన్న థర్మాకోల్ పెట్టెలోకి మార్చండి. ఆ పెట్టె కొత్తదై ఉండాలి, రొయ్యలు పెట్టింది ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు. ఆ ఐసు చేపలకి వాడేది, గ్లాసులో మాత్రం వేసుకోకండి. గ్లాసు కడిగాక సబ్బు మిగిలితే నురగ నిలవదు, మంచినీళ్ళతో ఇంకోసారి తొలిచి, ఏటవాలుగా పట్టి పొయ్యండి, చివర్లో నిలబెట్టండి, రెండు వేళ్ళ నురగ ఉండాలి. నురగ లేకుండా అంచుదాకా నింపేస్తే ఆ గ్యాసంతా కడుపులోకే పోతుంది.

తిండి ఎక్కువ పెట్టుకోకండి. వనామీ రొయ్యలకి పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, తక్కువ కారం పట్టించి, వాటి నీళ్ళు ఇగిరేదాకా ఉంచి, కరివేపాకుతో వేయించండి. కారం తక్కువని ఎందుకంటున్నానంటే బీరుతో మంట తగ్గదు, నాలుక మీద ఇంకా రేగుతుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఉంటే చాలు, అవీ దొరక్కపోతే జంతికలు. బయటూరి స్నేహితులు మేలో పులస అడుగుతారు, అది వరద నీటి చేప, జూలై దాటాక రమ్మనండి. వచ్చేప్పుడు ముంజలు తెచ్చేవాళ్ళుంటే వద్దనకండి, సీసాకీ సీసాకీ మధ్య నాలుగు ముంజలు, ఒక గ్లాసు నీళ్ళు తీసుకుంటే పొద్దున ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది.

ఈదురుగాలి లేచి పడమట మెరుపులు కనిపిస్తే సినిమా ఎంత బాగున్నా ఆపండి, ముందు మనుషులు కిందికి దిగండి, మేలో డాబా మీద పిడుగుతో ఆటలొద్దు.

బళ్ళ విషయం సినిమాకి ముందే తేల్చుకోవాలి. వంద మిల్లీల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. పోలీసుల కంటే నాకు కాలవ గట్టు భయం. మన రోడ్లు సగం కాలవ పక్కనే, రెయిలింగు ఉండదు, లైటు ఉండదు, ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకి జరిగే చోటుండదు. అందుకని వచ్చినవాళ్ళ తాళాలు ముందే తీసుకుని కింద అమ్మ దగ్గర పెట్టెయ్యండి, ఆవిడ పొద్దున కాఫీ ఇచ్చాక గానీ ఇవ్వదు. నవారు మంచాలు, దోమతెరలు సాయంత్రమే పైకి ఎక్కించండి, రాత్రి పదకొండింటికి సన్న మెట్ల మీద మంచం మొయ్యడం ఎవరివల్లా కాదు. వెళ్ళి తీరాలనేవాడికి మొదటినుంచీ కొబ్బరి నీళ్ళే ఇవ్వండి.