కూటంలో కొత్తవారు నోరు విప్పడం లేదా? ముందు ఇవి చూసుకోండి

1836లో క్రైస్తవ మిషనరీ ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ వెంట మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం ప్రాంతంలో పరిచర్య చేశారు. ఆ పని నుంచి పెరిగిన గోదావరి జిల్లాల బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సంఘాల్లో ఆదివారం ఆరాధనకు ముందే రాసిపెట్టిన క్రమం ఉండదు. ఒకరు పాట నంబరు చెబుతారు, ఒకరు లేచి ప్రార్థిస్తారు, మరొకరు వాక్యం చదువుతారు. ఎవరినైనా ఆధారం అడిగితే బైబిల్లో 1 కొరింథీ 14:26 తీసి చూపిస్తారు: కూడివచ్చినప్పుడు ఒకరు కీర్తన, ఒకరు బోధ, ఇలా తలా ఒకటి తేవడం గురించిన వాక్యం అది. అయినా రెండేళ్లుగా వస్తున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని సంఘాలున్నాయి.

సమస్య: ఎంతసేపు ఆగినా కొత్తవారు లేవరు

కారణం: అసలు ఎంతసేపు ఆగుతున్నారో ఒకసారి గడియారం చూడండి. "ఆమేన్" అనగానే, ఎప్పుడూ లేచే ఆ నలుగురిలో ఒకరు గొంతు సవరించుకుంటారు. కొత్త మనిషికి ధైర్యం కూడగట్టుకోవడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

పరిష్కారం: మొదటి అరగంట తాము లేవకూడదని ఆ నలుగురూ ముందే అనుకోవాలి. తొలి వారం ఇబ్బందిగానే ఉంటుంది. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, ఎవరో దగ్గుతారు. ఉండనివ్వండి. కొత్తవారిని మొదటే ప్రార్థన చేయమనకండి, పాట నంబరు చెప్పమనండి. "నూట పన్నెండు" అంటే చాలు, మిగతాది సంఘమంతా అందుకుంటుంది.

సమస్య: ఇంట్లో చక్కగా ప్రార్థిస్తారు, కూటంలో మాట పెగలదు

కారణం: భాష. మన బైబిలుది గ్రాంథికం. పెద్దలు అదే ధోరణిలో "నీ సన్నిధిని మమ్మును నిలిపినందుకై" అని సాగదీస్తుంటే, దేవుడికి మామూలు తెలుగు రాదేమో అనిపిస్తుంది వినేవారికి.

మా గృహ కూటానికి కొత్తగా వచ్చిన తాపీ మేస్త్రి ఒకాయన ఒక శుక్రవారం లేచాడు. "దేవా, మా అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గించు. రేపు పని దొరికేలా చూడు. అంతే" అని కూర్చున్నాడు. "ఆమేన్" బదులు "అంతే" విని పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే సంఘ పెద్ద లేచి, "తండ్రీ, ఆ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గించు, మా తమ్ముడికి రేపు పని చూపించు, ఆమేన్" అన్నారు. అలంకారం ఒక్కటీ లేదు. పై శుక్రవారం మేస్త్రి మళ్లీ లేచాడు.

పరిష్కారం అదే. కొత్తవారి భాషను దిద్దవద్దు, పాతవారు తమ భాషను కిందికి దించాలి.

సమస్య: ఒకసారి సాక్ష్యం (దేవుడు తమ జీవితంలో చేసినది) చెప్పారు, మళ్లీ రాలేదు

కారణం: రెంటిలో ఒకటి. బయటికి రాగానే "ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ?" అని ఆరా తీసి ఉంటారు. పేట పేరు చెబితే కులం తెలుస్తుందని అడిగేవారికీ తెలుసు, అడిగించుకునేవారికీ తెలుసు. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు ఇవ్వడం గురించి బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో రాసింది ఇలాంటి చూపు గురించే. లేదా కూటంలో చెప్పుకున్న ఇంటి గొడవ ప్రార్థన మనవి పేరుతో వీధంతా తిరిగి ఉంటుంది.

పరిష్కారం: పేరు అడగండి, భోజనం చేసి వెళ్లమనండి, ఆపైన వారు చెప్పిందే వినండి. మనవి మరొకరికి చెప్పాలంటే ముందు వారి అనుమతి తీసుకోండి. విషయం అప్పటికే పాకి ఉంటే, పాకించినవారే ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలి. పెద్దలు వెళితే సరిపోదు.

సమస్య: సోదరీలు మాట్లాడరు

స్త్రీలు ఆరాధనలో గొంతెత్తి ప్రార్థించడంపై సంఘానికో పద్ధతి ఉంది. మీ పద్ధతి ఏదో మొదటి వారమే ఒక సోదరి చేత చెప్పించండి. తెలియక లేచిన మనిషిని అందరి ముందు కూర్చోబెట్టడం కంటే అది నయం.

సమస్య: కొత్తవారు లేచారు, ఇక ఆపడం లేదు

కారణం: ఎంతసేపు మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. పైగా పాతవారు ఇరవై నిమిషాలు మాట్లాడటం కళ్లారా చూశారు.

పరిష్కారం: మధ్యలో పాట ఎత్తుకుని నోరు మూయించకండి. ఆ ఎత్తు అందరికీ తెలిసిందే, అవమానం కూడా. బోధలో తేడా కనిపిస్తే ప్రేమ విందులో, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనంలో, పక్కన కూర్చుని మాట్లాడండి. ఐదు నిమిషాలని కూటం మొదట్లోనే అందరికీ ప్రకటించండి. మొదటిసారి గడువు దాటేది బహుశా పెద్దల్లోనే ఒకరు. ముందు వారినే ఆపండి.