ఘాతాంకాల లెక్క ఎక్కడ తప్పుతోంది? తప్పును బట్టి కారణం, పరిష్కారం

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి పాప ఏడో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడ. మొన్న సాయంత్రం నోటుపుస్తకం తెచ్చి, "ఆంటీ, సూత్రాలన్నీ వచ్చు, లెక్కలే తప్పుతున్నాయి" అంది. అందులో కనిపించిన తప్పులివి.

సమస్య: 2³ = 6

కారణం ఎక్కాలు. "రెండు మూళ్లు ఆరు" అని నోటికి పట్టేసింది కదా, రెండూ మూడూ పక్కపక్కన కనబడగానే ఆరే వస్తుంది. కింది సంఖ్య భూమి, పైన ఉన్నది ఘాతాంకం. భూమిని ఎన్నిసార్లు రాసి గుణించాలో ఘాతాంకం చెబుతుంది. 2 × 2 × 2 = 8.

సమస్య: 2³ × 2⁴ = 4⁷

ఇది చాలా ధీమాగా రాసింది. ఘాతాంకాలను కూడాలని గుర్తుంది. మధ్యలో గుణకారం గుర్తు చూసి భూములను కూడా గుణించేసింది. నేను సూత్రం మళ్లీ చెప్పలేదు, విడదీసి రాయమన్నాను: (2×2×2) × (2×2×2×2). పెన్సిలు మొనతో ఒక్కో రెండునూ తాకుతూ ఏడు లెక్కపెట్టింది. నాలుగు ఎక్కడా లేదు. తనే కొట్టేసి 2⁷ అని రాసుకుంది. దాని విలువ 128. 4⁷ అయితే 16,384!

(5²)³ = 5⁵ అని రాసినా మందు ఇదే. 5² మూడుసార్లు రాస్తే ఐదులు ఆరు, అంటే 5⁶. 2³ + 2⁴ దగ్గర మాత్రం ఘాతాంకాలను కూడకూడదు. విలువలు కట్టి కూడాలి: 8 + 16 = 24.

సమస్య: 7⁰ = 0

సున్నాసార్లు అంటే ఏమీ లేనట్టే కదా అని పిల్లలు అనుకోవడం సహజం. "అది అంతే, గుర్తుపెట్టుకో" అని పంపేయడం నాకు నచ్చదు. మెట్లు దిగి చూపించండి. 7³ = 343, 7² = 49, 7¹ = 7. ఒక్కో మెట్టుకూ 7తో భాగిస్తున్నాం. తర్వాతి మెట్టు 7 ÷ 7 = 1. భూమి సున్నా కానంతవరకు ఎప్పుడూ ఇంతే.

అక్కడే ఆగకుండా ఇంకా దిగితే 7⁻¹ = 1/7, 7⁻² = 1/49. పెద్ద తరగతుల పిల్లలు 7⁻² = −49 అని రాసేది ఈ మెట్లు చూడకే. ఎంత దిగినా విలువ చిన్నదవుతుంది తప్ప సున్నా కిందికి పోదు.

సమస్య: −3² = 9

బ్రాకెట్టు లేదు కాబట్టి వర్గం 3కే, జవాబు −9. (−3)² అయితేనే 9.